లేడీ వెరోనా ఎడమ పక్క

"నా పడవ మీద సుత్తి వేసేముందు నువ్వెవరి మొగుడివో ఒకసారి గుర్తు చేసుకో బావా," అన్నాడు లినస్.

ఆల్ఫియస్ పనిముట్ల సంచిని భుజం మీంచి దించి, తడి తగలకుండా ఒక కొబ్బరిమట్ట మీద పెట్టాడు. విండ్‌వర్డ్ ఊళ్లో పడవలు కట్టే వడ్రంగులు ఇంకా నలుగురున్నారు. వాళ్లలో ఎవరిని పిలిచినా ఈ గొడవ ఉండేది కాదు. కానీ కొనడానికి వచ్చిన ప్రెస్కాడ్ పెద్ద దీవి మనిషి. గురువారం పొద్దుటి లాంచీలో దిగి, పడవ సంగతి బాగా తెలిసినవాడెవడని రేవులో అడిగితే ఎవరో ఆల్ఫియస్ ఇల్లు చూపించారు. అమ్మేవాడు ఆ వడ్రంగి పెళ్లానికి స్వయానా అన్న అని చెప్పాల్సిన అవసరం వాళ్లకి తోచలేదు.

లేడీ వెరోనా ఒడ్డున రెండు పక్కలా కర్రలు ఆనించుకుని నిలబడి ఉంది. ముప్పై అడుగుల చేపల పడవ. నీలం రంగు కొత్తగా వేశారు. అంచు పొడుగునా తెల్ల గీత. ఎండ ఇంకా ఎక్కకముందే రంగువాసన గాలిలో తేలుతోంది.

"సార్, చూడండి, కొత్త పెళ్లికూతురిలా లేదూ?" అన్నాడు లినస్ ప్రెస్కాడ్‌తో. ఆల్ఫియస్‌తో మాట్లాడిన గొంతు వేరు, ఈ గొంతు వేరు.

ప్రెస్కాడ్ తెల్లబూట్లకి ఇసుక అంటకుండా ఒక పాత పలక మీద నిలబడ్డాడు. ముక్కు దగ్గర చేతిరుమాలు పెట్టుకున్నాడు. "పెళ్లికూతుర్ని రంగు చూసి చేసుకోను. కానివ్వు మేస్త్రీ, పని చూడు. నాకు రెండింటి లాంచీ ఉంది," అన్నాడు.

ఆల్ఫియస్ ముందు పడవ వెనక్కి వెళ్లాడు. ఒక కన్ను మూసి, వెనక నుంచి ముక్కు దాకా గీత చూశాడు. అడుగుదూలం వంగలేదు. అది గయానా నుంచి తెప్పించిన గట్టి కర్ర, ఇంకో యాభై ఏళ్లయినా దానికేమీ కాదు. తర్వాత కొయ్యసుత్తి తీశాడు. కుడిపక్క మొదలుపెట్టి, జానెడు జానెడు దూరంలో ఒక్కో పలక మీద కొడుతూ, తల వంచి చెవి ఆనించినంత దగ్గరగా పెట్టి వింటూ పోయాడు. మంచి పలక సుత్తి దెబ్బని తిరిగి విసురుతుంది. ఆ దెబ్బ మణికట్టులో తెలుస్తుంది. కుడిపక్క అంతా అలాగే తెలిసింది.

ఎడమపక్కకి రాగానే లినస్ కూడా ఇటు తిరిగి వచ్చాడు.

వెనక నుంచి ఆరడుగుల దూరంలో, నీళ్లు తగిలే గీతకి కాస్త కింద, సుత్తి దెబ్బ తిరిగి రాలేదు. పలకలోనే ఉండిపోయింది. ఆల్ఫియస్ మళ్లీ కొట్టాడు. తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టుంది. అరచేత్తో రాశాడు. అక్కడ రంగు రెండు పూతలు ఎక్కువ మందంగా ఉంది. బొటనవేలి గోరుతో గీకితే కింద తెల్లటి లప్పం కనపడింది.

"అది చిన్న పగులు," అన్నాడు లినస్ అతని వీపు వెనకనే నిలబడి, ప్రెస్కాడ్‌కి వినపడనంత మెల్లగా. "లప్పం పెట్టా. అందరూ పెడతారు. నువ్వు పెట్టవా?"

"పెడతాను. పగులుకి."

"బావా. శనివారం బస్సుకి అడ్వాన్సు కడతానని మాటిచ్చాను. నా మోకాళ్లు చూశావుగా. ఇక సముద్రం మీద నా వల్ల కాదు. బస్సు నడుపుకుని బతుకుతా. నీ నోట్లోంచి ఒక్క మాట వస్తే నా బతుకు పోద్ది."

ఆల్ఫియస్ జేబులోంచి చాకు తీశాడు. లినస్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. బయటినుంచి చూసేవాళ్లకి స్నేహంగా చెయ్యి వేసినట్టే ఉంటుంది గానీ గోళ్లు చర్మంలో దిగుతున్నాయి. ఆల్ఫియస్ ఆ చేతిని విదిలించుకోలేదు, అలాగే ఉంచి చాకు మొన లప్పం అంచున ఆనించి నొక్కాడు. చాకు పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే మొనకి నల్లటి తడిపొడి అంటుకుని వచ్చింది.

"ఏంటది?" అన్నాడు ప్రెస్కాడ్, నిలబడ్డ పలక మీంచి కదలకుండానే.

ఆల్ఫియస్ ఆ నలుపుని రెండు వేళ్ల మధ్య నలిపాడు. అబద్ధం చెప్పడం అతనికి రాక కాదు. చేపల బరువు గురించీ, తాగిన రమ్ము గురించీ అందరిలాగే చెప్తాడు. కానీ చేతిలో చాకు పెట్టుకుని, ఆ చాకు చెప్పినదానికి వ్యతిరేకంగా నోటితో ఇంకోటి చెప్పడం ఎలాగో తెలియలేదు.

"పలక పుచ్చింది. ఇక్కడ రెండడుగుల మేర. లోపల ఎంతుందో విప్పితేగాని తెలీదు."

లినస్ చెయ్యి వదిలేశాడు. "నీ బతుకు పుచ్చిందిరా!" అని అరిచాడు. అవతల వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు తలలెత్తారు. "ఇరవయ్యేళ్లుగా దీంట్లోనే తిరుగుతున్నా. చచ్చానా? మునిగానా? నా చెల్లెల్ని నీకిచ్చిన రోజే మునిగాను!"

ప్రెస్కాడ్‌కి కోపం రాలేదు. అదే ఆల్ఫియస్‌కి వింతగా అనిపించింది. ఆయన రుమాలు జేబులో పెట్టుకుని, దగ్గరికి వచ్చి, చాకు చేసిన కంతని ఫోనుతో రెండు ఫోటోలు తీసుకున్నాడు. పెదవి చివర్లో చిన్న నవ్వు కూడా ఉంది.

"బాగుంది మేస్త్రీ. చాలా బాగుంది," అన్నాడు.

* * *

ఆల్ఫియస్ ఇంటికి చేరేలోపే కబురు చేరిపోయింది. భార్య యూనిస్ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అతను గేటు తీసిన చప్పుడు విని కూడా తిరగలేదు. దుప్పటిని రెండు చేతులా పట్టుకుని గాలిలో ఒక్క దులుపు దులిపింది. కొరడా చప్పుడైంది.

"నీ నాలుకని ఒక్కరోజు ఇంట్లో పెట్టి వెళ్లలేకపోయావా?" అంది.

"అడిగాడు, చెప్పాను."

"అడిగాడట. నేనూ ఎన్నో అడుగుతాను. వాటికన్నిటికీ చెప్తావా? కప్పు కారుతోంది ఎప్పుడు చేస్తావంటే నోరు లేవదు. ఊరుకాని ఊరువాడు వచ్చి అడిగితే గంట కొట్టినట్టు మోగావు."

"యూనిస్, చాకు పిడి దాకా దిగింది."

"దిగనీ! వాడు కొంటాడు, వాడి ఊరు తీసుకుపోతాడు. మునిగితే వాడు మునుగుతాడు. మా అన్నయ్య రాత్రిళ్లు మోకాళ్లకి కాపడం పెట్టుకుంటూ కూర్చుంటున్నాడు. అది నీకు కనపడలేదు. చెక్కలో నలుపు మాత్రం కనపడింది."

అతను ఏదో అనబోయాడు. యూనిస్ ఖాళీ బుట్ట నడుముకి ఆనించుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గొళ్లెం పెట్టలేదు గానీ అతనికి వెళ్లబుద్ధి కాలేదు. షెడ్డులో కూర్చుని బాడిస నూరుకున్నాడు. నూరాల్సిన పనిలేదు. పదును బాగానే ఉంది.

* * *

శుక్రవారం ఆల్ఫియస్ మేకులకని ఐవరీన్ కొట్టుకి వెళ్తే, ఆమె అతని తల మీదుగా వెనకవాణ్ణి "నీకేం కావాలి నాయనా?" అని అడిగింది. వెనకవాడు తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఇంకొకడు. ఆల్ఫియస్ బల్ల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"రెండంగుళాల రాగి మేకులు, ఐవరీన్."

"అయిపోయాయి."

మేకుల డబ్బా ఆమె మోచేతి దగ్గరే ఉంది. మూత కూడా లేదు.

"ఏం మావా," అన్నాడు మూల కూర్చుని డామినోలు ఆడుతున్న కుర్రకారులో ఒకడు, "మా పడవ కూడా చూసిపెడతావా? చూసింది మా అమ్మకి పోయి చెప్పకుండా?" నవ్వు గుప్పుమంది. ఆల్ఫియస్ ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, వట్టి చేతులతో బయటికి వచ్చాడు. షెడ్డుకి వస్తే, ఏడాదిగా నీడలో ఆరబెట్టుకుంటున్న పలకలని ఎవరో బురదలోకి దొర్లించి పోయారు. ఒక్కొక్కటే ఎత్తి, గోనెతో తుడిచి, మళ్లీ పేర్చాడు. పదహారో పలక దగ్గర ఉండగా, నిన్న రెండింటి లాంచీ ఎక్కకుండా ఆగిపోయిన ప్రెస్కాడ్ వచ్చాడు.

"బేరం అయిపోయింది మేస్త్రీ. రేపు పదింటికి డబ్బిచ్చి కాగితం రాయించుకుంటాను." నిలబడే చెప్తున్నాడు, ఎక్కడా ఆనుకోకుండా. "లినస్ ధర సగానికి సగం తగ్గించాడు. ఆ ఫోటోలు చూపించి, మీ బావే చెప్పాడుగా అన్నాను. ఇంక నోరెత్తలేదు. నీ మాట నాకు బాగా పనికొచ్చింది."

ఆల్ఫియస్ చేతిలో పలక అలాగే ఉండిపోయింది. "పుచ్చిందని తెలిసి కొంటున్నారా?"

"ఆ రంగు, ఆ ఆకారం నాకు కావాలి. ఓడల్లో వచ్చే జనానికి పాత చేపల పడవంటే మోజు. ట్రిప్పుకి పాతికమందిని ఎక్కించి ఇసుకదిబ్బ దాకా తిప్పుతా. రెండు సీజన్లు లాగితే చాలు, తర్వాత తగలేస్తా. నువ్వు ఆ కంతలో మళ్లీ కాస్త లప్పం కూరి, పడవ గట్టిదని చీటీ రాసివ్వు. లైసెన్సుకి కావాలి."

"రాయను."

"ఎందుకు?"

"పాతికమందికి ఆ పలక ఆగదు. గాలి తిరిగిన రోజు అసలు ఆగదు."

ప్రెస్కాడ్ అతన్ని మొదటిసారిగా తిన్నగా చూశాడు. "నిన్న నిజం చెప్పమన్నాను కాబట్టి చెప్పావు. ఇవాళ చీటీ అడుగుతున్నాను. నీ నీతిబోధ ఎవరడిగారు? నువ్వు కాకపోతే ఇంకొకడు రాస్తాడు." వెళ్తూ వెళ్తూ, బురదంటిన పలకని బూటుకొనతో పక్కకి తోశాడు. నిన్నటి కూలి సంగతి ఎత్తనేలేదు.

సాయంత్రం ఆల్ఫియస్ లినస్ ఇంటికి వెళ్లాడు. వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాడు. లినస్ తలుపు కింది సగం మూసే ఉంచి, పైసగంలోంచి మొహం పెట్టాడు.

"ఇంకేం మిగిలింది తీసుకుపోవడానికి?"

"వాడికి అమ్మొద్దు బావా. జనాన్ని ఎక్కిస్తాడంట, పాతికమందిని."

"నా బస్సులో సగం నీ నోరు తినేసింది. మిగతా సగం కూడా తినడానికి వచ్చావా?"

"విప్పి బాగుచేస్తాను. కూలి వద్దు. తర్వాత వేరేవాడికి మంచి ధరకి అమ్ము."

"నువ్వు విప్పుతావు, ఆర్నెల్లు పడుకోబెడతావు. నేనేం తినాలి ఆర్నెల్లూ, నీ నిజమా?" లినస్ గొంతు పగిలింది. కోపమో ఇంకోటో ఆల్ఫియస్‌కి తెలియలేదు. "ఎక్కేవాళ్లెవరో నాకు తెలీదు. నాకేం చుట్టాలు కారు. రేపు పదింటి దాకా అది నా పడవ. దాని దరిదాపుల్లో కనపడ్డావంటే కాళ్లు నరుకుతా."

తలుపు పైసగం కూడా మూసుకుంది.

* * *

శనివారం తెల్లవారగానే ఆల్ఫియస్ ఒడ్డుకి వెళ్లాడు. పలుగు, ఉలి, పెద్ద సుత్తి తెచ్చుకున్నాడు. చేస్తున్నది మంచిపనని అతనేమీ అనుకోలేదు. ఇంకొకడి వస్తువు మీద చెయ్యి వేస్తున్నానని తెలుసు. కానీ రాత్రంతా ఆ బూటుకొన కళ్లముందు ఆడింది. తన మాటని పట్టుకెళ్లి ఒకడు బావని సగానికి కొట్టేశాడు. అదే మాటని లప్పం కింద పూడ్చి జనాన్ని ఎక్కించబోతున్నాడు. పూడ్చడానికి వీల్లేకుండా చెయ్యాలి. అంతకుమించి అతని ఆలోచన సాగలేదు.

ఉలితో పలకల సందులోని తారునార తవ్వి లాగాడు. అది తాడులా సాగి రావాలి. ముక్కలు ముక్కలుగా, పేడలా వచ్చింది. పలుగుమొన సందులో పెట్టి బరువు వేశాడు. ఆ పలక నిజంగా గట్టిదైతే ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మేకులు తడిరొట్టెలోంచి వచ్చినట్టు చప్పుడు లేకుండా వచ్చేశాయి.

చప్పుడు పలుగుదీ సుత్తిదీ. ఆ చప్పుడుకే ఊరు లేచింది. ముందు వలలవాళ్లు వచ్చారు, తర్వాత కొట్టు తెరవబోతున్న ఐవరీన్. ఎవరూ దగ్గరికి రాలేదు. "లినస్‌ని పిలవండి," అని ఎవరో అంటే, "వస్తన్నాడు, కత్తి తీసుకుని వస్తన్నాడు," అన్నారు ఇంకెవరో.

లినస్ నిజంగానే కత్తితో వచ్చాడు. కొబ్బరికాయలు కొట్టే పొడుగాటి కత్తి. మోకాళ్ల నొప్పితో ఇసుకలో అటూ ఇటూ ఒరిగిపోతూ, అరుస్తూ వచ్చాడు. వెనకాల యూనిస్, ఆమె వెనక లినస్ కూతురు మార్వా పరుగెత్తుకొస్తున్నారు.

"దొంగా! నా పడవ చీలుస్తావురా! చెయ్యి తియ్యి! తియ్యి చెయ్యి!"

"అన్నయ్యా, వద్దు!" అని యూనిస్ అతని చొక్కా పట్టుకుంది. ఆ తర్వాత మొగుడి వైపు తిరిగి, "నీకు పిచ్చి పట్టిందా? చంపించుకుంటావా?" అని అరిచింది.

ఆల్ఫియస్ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగిపోతానని భయం. వీపు మీద ఎక్కడ దెబ్బ పడుతుందో ఊహించుకుంటూనే పలుగు మీద ఇంకోసారి బరువు వేశాడు. పలక ఒక కొసన లేచి, నిట్టూర్చినట్టు వదులై, ఏడడుగుల పొడుగునా ఊడి అతని కాళ్ల దగ్గర పడింది.

అందరూ మెడలు సాచి చూశారు.

పలక వెనక పడవ పక్కటెముకలు, పలకల్ని పట్టి ఉంచే వంపు కర్రలు, ఉండాలి. మూడింటి చోట నల్లటి ముద్ద ఉంది. ఆల్ఫియస్ రెండడుగుల మేర పుచ్చిందనుకున్నాడు. ఇది వెనక నుంచి ముందుకి, చూపు ఆనినంత దూరం పోయింది. ఒక ఎముకని రెండు వేళ్లతో పట్టుకుంటే ఆ వేళ్లు ఒకదానికొకటి తగిలాయి. మధ్యలోని కర్ర పిండిలా రాలింది. మొన్న తను చెప్పింది నిజం కాదు, నిజంలో పదోవంతు.

లినస్ కత్తి దించలేదు, ఎత్తనూ లేదు. కంత దగ్గరికి వచ్చి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. లోపల తడుముతున్నాడు. ఎక్కడో ఒకచోట గట్టిది తగులుతుందని వెతుకుతున్నట్టు, అటు కాస్త, ఇటు కాస్త. చెయ్యి బయటికి తీస్తే మోచేతి దాకా నలుపు.

"చిన్న పగులే," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. "నేను చూసినప్పుడు చిన్న పగులే."

మార్వా ముందుకి వచ్చింది. ఆమె మొగుడు నాలుగేళ్లుగా ఆ పడవ మీద మామగారితో వేటకి వెళ్తున్నాడు. కిందపడ్డ పలక దగ్గర వంగి, దాని లోపలిపక్క అరచెయ్యి ఆనించి చూసింది. తర్వాత తండ్రి మొహంలోకి చూసింది.

"మంగళవారం ఆయన ఒక్కడే వెళ్లాడు నాన్నా. నీకు మోకాళ్లు నొప్పని ఆయన్నొక్కణ్ణే పంపావు. రాళ్లగట్టు అవతలికి. ఆ రోజు కెరటాలు ఎట్లా ఉన్నాయో గుర్తుందా?"

లినస్ కత్తిని ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"లప్పం ఎప్పుడు పెట్టావు?"

"మార్వా..."

"మంగళవారానికి ముందా, తర్వాతా?"

అతను జవాబు చెప్పలేదు. చెప్పకపోవడంతో అక్కడున్న వాళ్లందరికీ తెలిసిపోయింది. మార్వా అరవలేదు, ఏడవలేదు. చెయ్యి లంగాకి తుడుచుకుని, వచ్చినదారినే వెనక్కి నడిచి వెళ్లిపోయింది. అంతసేపూ అన్న చొక్కా పట్టుకుని ఉన్న యూనిస్ అప్పుడు వదిలేసింది.

లినస్ కత్తిని ఇసుకలో గుచ్చాడు. ఆల్ఫియస్ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. పలుగు ఇమ్మంటున్నాడు. వలలవాళ్లలో ఒకడు "ఇవ్వకు మావా," అన్నాడు. ఆల్ఫియస్ ఇచ్చాడు. పలుగు గాల్లోకి లేచినప్పుడు అతను కళ్లు మూసుకున్నాడు కూడా. తెరిచేసరికి లినస్ పక్క పలక సందులో పలుగు దించి, బరువంతా దాని మీద వేసి లాగుతున్నాడు. పళ్ల మధ్య నుంచి బూతులు. ఆల్ఫియస్‌ని, తనని, ప్రెస్కాడ్‌ని, రంగు అమ్మినవాణ్ణి, వరసగా అందరినీ తిడుతూ లాగుతున్నాడు.

పదింటికి ప్రెస్కాడ్ కాగితాలతో వచ్చేసరికి లేడీ వెరోనా ఎడమపక్క, ఉప్పు పెట్టడానికి చీల్చిన చేపలా తెరుచుకుని ఉంది. నాలుగు పలకలు ఇసుకలో పడి ఉన్నాయి.

"ఏంటిది? ఏం చేస్తున్నారు? మనం మాట అనుకున్నాం!" రుమాలు ముక్కు దగ్గరికి వెళ్లనేలేదు.

"అనుకున్నాం సార్," అన్నాడు లినస్ చెమట తుడుచుకుంటూ. "ఇదిగోండి పడవ. ఈ పక్క లేదు. ఆ పక్క బాగుంది. సగం ధరే కదా, సగం పట్టుకెళ్లండి."

ఐవరీన్ ముందు నవ్వింది. తర్వాత వలలవాళ్లు. ప్రెస్కాడ్ కోర్టన్నాడు, పోలీసన్నాడు, ఈ ఊరంతా దొంగలన్నాడు. ఆయన అరుస్తున్నంతసేపూ లినస్ పలుగు ఆనుకుని ఓపిగ్గా విన్నాడు. రేవు దాకా వెంటపడి నవ్వడానికి కుర్రకారు వెళ్లారు. మిగతావాళ్లు ఎవరి పనికి వాళ్లు పోయారు. యూనిస్ కూడా వెళ్లిపోయింది. ఆమె వెళ్లింది మార్వా ఇంటివైపు, తన ఇంటికి కాదు.

బావలిద్దరూ మిగిలారు.

"నా బస్సు పోయింది," అన్నాడు లినస్.

"పోయింది."

"నా కూతురు ఇక నాతో మాట్లాడదు."

ఆల్ఫియస్ ఇసుకలో పడ్డ మేకులు ఏరడం మొదలుపెట్టాడు.

"నాలుగేళ్ల కిందటే ఎందుకు చూడలేదు నువ్వు? పెద్ద చెవులున్నాయిగా, సుత్తి పెట్టి వినడానికి?"

"నన్ను దగ్గరికి రానిచ్చావా? నా కూలి ఎక్కువని రిపేర్లన్నీ నువ్వే చేసుకున్నావు."

లినస్ ఇసుకలో చతికిలపడ్డాడు. మోకాళ్లు రెండూ చేతులతో పట్టుకుని, ఒకటి తర్వాత ఒకటి చాపుకున్నాడు.

"కొండ మీద మా నాన్న స్థలంలో దేవదారు చెట్లున్నాయి," అన్నాడు. "పక్కటెముకలకి వంపు సరిపోయేవి నువ్వే చూసుకో. సోమవారం నుంచి మొదలుపెట్టు. పూట భోజనం మా ఇంట్లో."

"యూనిస్ వండుతుంది నాకు."

"అది ఇప్పట్లో నీకు వండదు. వండినా, పడవ గలవాడే వడ్రంగికి తిండి పెట్టాలి. ఊరి పద్ధతి అది. నీ మీద ప్రేమ కారిపోయి కాదు."

"తెలుసు."

"నీ మొహం చూస్తే నాకు ఇంకా కత్తి తియ్యాలనే ఉంది. చెప్తన్నా విను. రా, పని చెయ్యి, తిను, పో. నాతో ఒక్క మాట కూడా మాట్లాడొద్దు."

"నువ్వూ మాట్లాడకు," అన్నాడు ఆల్ఫియస్.

ఆటు పోయి పోటు మొదలవుతోంది. నీళ్లు పలకల దగ్గరికి వస్తున్నాయి. లినస్ చెయ్యి నేల మీద ఆనించి, మూలుగుతూ లేచి, అన్నిటికంటే పొడుగు పలకకి ఒక కొస పట్టుకున్నాడు.

"ఎత్తు," అన్నాడు.